డేగ మింగిన మాత్రలు

ఆ ఉదయం డేగ వేసుకున్న పథకం చిన్నది. కంపెనీ డాక్టరుకు బీపీ చూపించుకోవాలి, అటునుంచి అటే వెళ్ళి క్రేను ఎక్కాలి. మేడల కంటే ఎత్తున గాజుగదిలో కూర్చుని ఇనుప కమ్మీలు అందించే మనిషి కాబట్టి పనివాళ్ళు ఆయనకు ఆ పేరు పెట్టారు. ఈ పరీక్షలో తప్పితే ఆ కుర్చీ తోడల్లుడిది. కుర్చీలోకి దిండు ఎంత సైజుది కావాలో తోడల్లుడు అప్పుడే కొలుచుకున్నాడని వినికిడి.

చిక్కంతా డేగ తెలివితోనే వచ్చింది. బీపీకొకటి, కొలెస్ట్రాల్‌కొకటి మాత్ర రాసి, రెండూ కలిపే వేసుకోవచ్చని డాక్టరు చెప్పాడు. డేగ నమ్మలేదు. ఒక కొక్కేనికి రెండు బరువులు తగిలించకూడదని ఇన్నేళ్ళ పని ఆయనకు నేర్పింది. కడుపు మాత్రం కొక్కెం కాదా? అందుకని ఒకరోజు ఇది, ఒకరోజు అది. నెలల తరబడి ఎవరికీ చెప్పకుండా సగం వైద్యంతో నెట్టుకొస్తున్నాడు.

పరీక్ష రోజున గుండె జంకింది. స్నానాల గదిలో తలుపేసుకుని, ఎగ్గొట్టిన రోజులకు సర్దుబాటుగా బీపీ మాత్రలు రెండు మింగాడు.

భార్యకు ఆ సంగతి తెలియదు. ఆయన చొక్కాల కింద మిగులు మాత్రలు దొరికాయి, అంతే. పొద్దున్నే గొడవెందుకని బీపీది ఒకటి నూరి కాఫీలో కలిపింది.

"కాఫీ చేదుగా ఉందేంటి?"

"పొడి మారింది. తాగండి, ఆలస్యమవుతోంది."

ఇక తల్లి. కొడుకు మొహం వాడి ఉందని తన బీపీ మాత్ర తెచ్చి అరచేతిలో పెట్టింది.

"ఏంటమ్మా ఇది?"

"బలానికి. వేసుకోరా. నా మాట ఎప్పుడు విన్నావు గనక."

ఆ ఒక్కసారి విన్నాడు.

దారిలో రోడ్డు కాస్త మెత్తగా తగిలింది. డాక్టరు చేతికి పట్టీ బిగించి, అంకె చూసి, మిషన్ పాడైందని ఇంకోటి తెప్పించాడు. అదీ అదే అంకె చూపించింది. తక్కువుంటే మంచిదే కదా అని డేగ లోలోపల మురిసిపోయాడు.

"నెగ్గినట్టేనా సార్?" అంటూ లేచి నిలబడ్డాడు. మరుక్షణం బల్లమీది సామానుతో సహా నేలమీద ఉన్నాడు.

కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రి మంచం, చేతికి సెలైను, పక్కన తల్లీ పెళ్ళామూ.

"బీపీవి ఎన్ని వేసుకున్నారు?" అడిగాడు డాక్టరు.

"రెండు."

"ఒకటి నేను కాఫీలో కలిపానండీ," అంది భార్య, గోడవైపు చూస్తూ.

"నేనూ ఒకటిచ్చాను బాబూ," అంది తల్లి.

డాక్టరు ముగ్గురినీ వరసగా చూశాడు. "మీ ఇంట్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోరా?"

"గొడవెందుకని..." అన్నారు ఆడవాళ్ళిద్దరూ, ఒక్కసారే.

"బీపీ ఎక్కువే ఉందనుకోండి, ఏమయ్యేది? మందు మార్చి, కొన్నాళ్ళాగి మళ్ళీ చూసేవాణ్ణి. మీ కుర్చీ ఎక్కడికీ పోయేది కాదు. నా ముందే కళ్ళు తిరిగి పడ్డ మనిషిని అంత ఎత్తుకు ఎట్లా పంపమంటారు?"

"ఎన్నాళ్ళు సార్?"

డాక్టరు పెన్ను మూత పెట్టి జేబులో దోపుకున్నాడు.

ఇప్పుడు గాజుగదిలో తోడల్లుడు కూర్చుంటున్నాడు. డేగ కింద దుమ్ములో నిలబడి, మెడ నొప్పెట్టేదాకా తలెత్తి, ఎత్తమనీ దించమనీ చేతులు ఊపుతుంటాడు. మాత్రలు రెండూ కలిపే వేసుకుంటున్నాడు. చేతులు ఊపడానికి బీపీ ఎంతుండాలో మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు.