పుట్టలో ఖాళీ బెజ్జం

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న ఆఫీసు ఉండేది. ఆఫీసంటే మరేం కాదు, చెదలు వదిలేసి పోయిన పాత పుట్ట. దాని ముందు ఏదుపంది పోలినాయుడు కూర్చునేవాడు. వేసవిలో ఆ అడవి మొత్తానికీ ఒకే ఒక్క మడుగు మిగిలేది. అందులో ఎవరు ఎప్పుడు దిగి నీళ్ళు తాగాలో చెప్పడం పోలినాయుడి ఉద్యోగం.

వంతులు గుర్తుపెట్టుకోవడానికి అతనికి తన ముళ్ళే సరిపోయేవి. పుట్ట గోడకి వరసగా బెజ్జాలు ఉండేవి. ఒక్కో జాతికీ ఒక్కో బెజ్జంలో ఒక్కో ముల్లు గుచ్చేవాడు. మొదటిది రాజుగారైన సింహానిది. తర్వాత ఏనుగులది, ఆ తర్వాత అడవిపందులది. పందుల ముల్లు పక్కన ఒక బెజ్జం ఖాళీ. ఖాళీ తర్వాతది దుప్పుల ముల్లు.

ఆ ఖాళీ పోలినాయుడి తాత కాలం నుంచీ ఉంది. ఎందుకుందని ఎవరూ అడగలేదు. ఆఫీసులో ఏది ఎందుకుందో అడగడం మనకే అలవాటు లేదు, జంతువులకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

నిజం చెప్పాలంటే అది గొప్ప ఆఫీసేం కాదు. మడుగు ఎండేకొద్దీ వేళలు రోజూ మారిపోయేవి. తమ వేళ తెలుసుకోవాలంటే ప్రతివాళ్ళూ ఎండలో పుట్టదాకా నడిచి రావాల్సిందే. వచ్చేసరికి పోలినాయుడు కునుకు తీస్తుండేవాడు. లేపితే "రేపు రా" అనేవాడు. గట్టిగా అడిగితే ఒంటిమీద ముళ్ళు నిక్కబొడుచుకునేవి, ఇంక అడిగేవాళ్ళు మిగిలేవాళ్ళు కాదు. పైగా వంతు తప్పినవాళ్ళకి మళ్ళీ నాలుగో రోజుదాకా చుక్క నీరు లేదన్నది చట్టం.

ఇలా ఉండగా రాజుగారు పక్క అడవికి చుట్టపుచూపుగా వెళ్ళి ముఖం మాడ్చుకుని తిరిగొచ్చారు. "మీ దగ్గర ఇంకా పుట్టేనా?" అని అక్కడి సింహం నలుగురిలో నవ్విందట.

మర్నాడే సభ పెట్టారు. సభకి నక్క నాగభూషణం వచ్చాడు. నాగభూషణం ఏదైనా పని చేయగా చూసినవాళ్ళు లేరు. ఎవరి పని ఎలా చెయ్యాలో చెప్పడంలో మాత్రం అతన్ని మించినవాళ్ళు లేరు.

"ఇంకా ఈ పుట్టా, ఈ ముళ్ళూ ఏమిటి ప్రభూ? వంతులన్నీ పైన పెట్టేద్దాం" అన్నాడు.

"పైనంటే?" అన్నారు రాజుగారు.

"పైనే, ప్రభూ." నాగభూషణం మూతి ఎత్తి ఆకాశం వైపు చూపించాడు. సభ మొత్తం తలెత్తి చూసింది. ఒక గద్ద తప్ప ఏమీ కనపడలేదు.

"చెట్టుకో చిలకని పెడతాం. ఏ చెట్టు కింద నిలబడి అడిగినా, చిలక పైన కనుక్కుని మీ వేళ చెబుతుంది. పుట్టదాకా నడవక్కర్లేదు. పోలినాయుడు ఎప్పుడు లేస్తాడా అని కాచుక్కూర్చోనక్కర్లేదు."

వెనక వరసలో చుక్కల దుప్పి నూకాలు తన పసికూనతో నిలబడి ఉంది. ఆమెకి ఈ మాట బాగా నచ్చింది. పాలు మరవని పిల్లని ఎండలో పుట్టదాకా ఈడ్చుకు రాలేక ఆమె ప్రాణం పోతోంది. అయినా అడిగింది.

"బాబూ, ఆ పైన ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరమ్మా. అదే కదా దాని గొప్ప" అన్నాడు నాగభూషణం.

సభ చప్పట్లు కొట్టింది.

ముళ్ళు పైకి ఎక్కించే పని ఆ సాయంత్రమే మొదలైంది. పెద్ద చిలక పుట్ట మీద వాలి ఒక్కో ముల్లూ చదివింది. మిగతా చిలకలు వల్లించాయి.

"ఏనుగులు. పందులు. ఇక్కడ ఖాళీ."

"ఖాళీలో ఏముంది?" అన్నాడు నాగభూషణం.

"ఏం లేదు."

"లేనిదాన్ని పైకి ఎలా ఎక్కిస్తాం? కొట్టెయ్. ఒక వంతు కాలం కలిసొచ్చింది."

పోలినాయుడు ఉలిక్కిపడి లేచాడు. "ఆగండి నాయనా, ఆ ఖాళీ ఎందుకంటే..."

అప్పటికే వీడ్కోలు సభ మొదలైపోయింది. మెడలో దండ వేశారు. అది ముళ్ళకి గుచ్చుకుని ముక్కలైంది. ఎలుగుబంటి అతని సేవల గురించి గంటసేపు మాట్లాడింది. చివర్లో "రెండు ముక్కలు చెప్పండి" అన్నారు. పోలినాయుడికి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ఆ రెండు ముక్కలూ గొంతులోనే ఉండిపోయాయి.

మర్నాడు మధ్యాహ్నం నూకాలు ఇంటి దగ్గరి మద్దిచెట్టు కింద నిలబడి మొదటిసారి చిలకని అడిగింది.

"మీ రహస్య కూత చెప్పండి" అంది చిలక.

నూకాలు సన్నగా కూసింది.

"సరిపోదు. రహస్య కూతలో ఒక అరుపు, ఒక గుర్రు, ఒక ఈల ఉండి తీరాలి."

"దుప్పిని తల్లీ, గుర్రు ఎక్కణ్ణుంచి తెచ్చేది?"

సాయంత్రందాకా తంటాలు పడితే ఎలాగో కూత కుదిరింది. "మీ రహస్య కూత ఇదీ" అని చిలక అడవంతా వినపడేలా దాన్ని రెండుసార్లు కూసి, "సరైనదే" అంది. తర్వాత అసలు విషయం చెప్పింది. "దుప్పుల వంతు రేపు పందుల వెంటనే. మీ వేళ ముందుకు జరిగింది. అభినందనలు."

నూకాలు సంబరపడింది. ముసలాడు ఒంటరిగా ఉన్నాడు, ఓసారి పలకరించి ఈ మాట చెబుదామని పుట్ట దగ్గరికి వెళ్ళింది. జన్మలో మొదటిసారి పోలినాయుడు మెలకువగా ఉన్నాడు. ఆమె మాట విని బిగుసుకుపోయాడు.

"ఓలమ్మా నూకాలూ, పందులెనకాలే దిగకు. పందులు పొర్లితే మడుగంతా బురదైపోద్ది. మడుగులో ఉన్న మొసలి తేట నీళ్ళలో కనపడతాది, కనపడే మొసల్ని తప్పించుకోవచ్చు. బురదలో అదెక్కడుందో ఎవుడికి తెలస్తాది? మా తాత హయాంలో మీవోళ్ళు ఏడుగురు పోనారు. అందుకే నీళ్ళు తేటపడేదాకా ఒక వంతు ఖాళీ ఒదిలేడు."

"మరి దానికో ముల్లు గుచ్చొచ్చు కదా తాతా, అందరికీ తెలిసేది."

"తాగేవోళ్ళకి ముల్లు గుచ్చుతాం. తాగకూడని ఏళకి ఏటి గుచ్చాలో మా తాతకి తోచనేదు" అన్నాడు పోలినాయుడు సిగ్గుపడుతూ.

నూకాలు పరుగున మద్దిచెట్టు దగ్గరికి వచ్చి చిలకకి అంతా చెప్పింది.

"వంతు కావాలంటే ఒకసారి తల ఊపండి. వద్దంటే రెండుసార్లు ఊపండి" అంది చిలక.

"రెండూ కాదు తల్లీ. కావాలి, కాస్త ఆగి కావాలి."

"మీరు చెప్పింది అర్థం కాలేదు. మీ విన్నపం పైకి పంపాం."

ఆమె నాగభూషణాన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. అతను తనకి జరగబోయే సన్మానానికి తోక దువ్వుకుంటున్నాడు.

"విన్నపం పైకి వెళ్ళిందా? అయితే ఇంకేం కావాలమ్మా?"

"పైన ఎవరూ ఉండరని మీరే అన్నారు కదా బాబూ."

నాగభూషణం దువ్వడం ఆపాడు. "అందుకే అక్కడ ఆలస్యం జరగదు" అని మళ్ళీ తోక దువ్వుకోసాగాడు.

తెల్లారింది. పందులు పొర్లి పొర్లి ఒడ్డెక్కాయి. మడుగు చిక్కటి అంబలిలా ఉంది. గట్టు మీది చిలక "దుప్పుల వంతు మొదలైంది" అంది. నూకాలు కదల్లేదు. పిల్ల నాలుక ఎండిపోయి తల్లి పొట్టకి ముట్టె ఆనించి నిలబడింది. తల్లి తాగితేనే దానికి పాలు. దిగితే మొసలి, దిగకపోతే నాలుగో రోజు. నాలుగో రోజుదాకా ఈ పిల్ల ఆగదని నూకాలుకి తెలుసు. ఒక కాలు ముందుకు వేసింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

అదే సమయానికి రాజుగారు నాగభూషణాన్నీ సభనీ వెంటబెట్టుకుని తనిఖీకి వచ్చారు.

"వంతు నడవడం లేదేం?" అన్నారు.

"నీళ్ళు తేటపడాలి మహారాజా, మొసలి ఎక్కడుందో కనపడాలి" అంది నూకాలు.

నాగభూషణం చిలక వైపు చూశాడు. "మడుగు ఖాళీ. నీళ్ళు తాగడానికి అనుకూలం" అంది చిలక.

"విన్నావా? పైన సరే అన్నాక కింద నీకు అనుమానమేమిటి?" అన్నారు రాజుగారు. పక్క అడవిలో పడ్డ అవమానం ఇంకా మానలేదాయనకి. "చూడు, నేనే తాగి చూపిస్తాను."

దిగారు. నాలుగు గుక్కలు తాగారు. అక్కడితో ఊరుకుంటే పోయేది. ఇలాంటప్పుడు నాలుగు మాటలు చెప్పకపోతే బాగుండదని ప్రజల వైపు తిరిగి, తోక నీళ్ళలో జారవిడిచి, గొంతు సవరించుకున్నారు.

ఆ తోక పక్కన రెండు బుడగలు తేలడం నూకాలు చూసింది. జాతి జాతంతా ప్రమాదానికి కూసే కూత ఒకటుంది, అది కూసింది.

"కూత తప్పు. గుర్రు లేదు, ఈల లేదు. మళ్ళీ ప్రయత్నించండి" అంది చిలక.

మళ్ళీ కూసింది. "కూత తప్పు."

మూడోసారి కూసింది. "మూడుసార్లు తప్పు. మీ వంతు రద్దయింది."

అప్పుడు రాజుగారు అరిచారు. ఆ కేకలో ఒక అరుపు ఉంది, ఒక గుర్రు ఉంది, చివర్లో సన్నటి ఈల కూడా ఉంది.

"కూత సరిపోయింది. స్వాగతం" అంది చిలక.

రాజుగారు బయటపడ్డారు, తోక సగం బయటపడలేదు. సభ మొత్తం ఆయన వెనక పరుగెత్తింది. మొసలి దొరికినదాన్ని నోట కరుచుకుని అవతలి గట్టెక్కి నమలడంలో పడింది. మడుగు నెమ్మదిగా తేటపడింది. నూకాలు ఎదర మొసల్ని చూసుకుంటూ, పక్కన పిల్లని పెట్టుకుని నీళ్ళలోకి దిగింది.

"మీ వంతు రద్దయింది" అని గుర్తు చేసింది చిలక.

"ఆ మాట పైకి పంపు" అని నూకాలు కడుపునిండా తాగింది.

తర్వాత విచారణకి ఒక కమిటీ వేశారు, నాగభూషణమే అధ్యక్షుడు. పందులకీ దుప్పులకీ మధ్య ఒక వంతు ఖాళీగా ఉంచాలని అతను కొత్తగా కనిపెట్టాడు. దానికి రాజవిరామం అని పేరు పెట్టారు. ఆగిపోయిన సన్మానం కూడా జరిపించారు. చిలకలు ఇప్పుడు ఆ ఖాళీ గురించి రోజూ మూడు పూటలా చెబుతున్నాయి.

పోలినాయుణ్ణి ఎవరూ పిలవలేదు. అతను మాత్రం ఒక పొద్దున తన ఒంటి మీది పొడుగాటి ముల్లు ఒకటి పీకి, పుట్ట గోడకున్న ఖాళీ బెజ్జంలో గుచ్చి, నూకాలుకి చూపించి, మళ్ళీ పడుకున్నాడు.

నీతి: దుప్పి చెబితే విన్నపం, సింహం తోక తెగితే సంస్కరణ.