ట్యూబు లేని టైరు, సాకు లేని మనిషి

సైకిలుకు పంచరు పడకుండా చేసిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు ఊరూరా సన్మానం చేయాలి! శాలువా కప్పాలి, మెళ్లో గజమాల వేయాలి. మనిషి జీవితంలో పంచరు అనేది ఎంత సమయాన్ని మింగేస్తుందో మీరెప్పుడైనా ఆలోచించారా? ఆలోచించి ఉండరు. పుంగనూరు గోపాలస్వామిని చూస్తే తెలుస్తుంది.

గోపాలస్వామి అక్కడి హైస్కూల్లో క్లర్కు. పాపం, జిల్లాలో ఎవరి సైకిలుకూ పడనన్ని పంచర్లు ఆయన సైకిలుకే పడేవి. అదీ సాయంత్రం బడి వదిలాకే, ఖాదర్ వలి సైకిల్ షాపు నాలుగడుగుల దూరంలో ఉందనగానే! ముల్లు దొరకని రోజున ఆయన సందు మలుపులో దిగి, అటూ ఇటూ చూసి, వాల్వు దగ్గర చెయ్యి పెట్టేవాడని గిట్టనివాళ్లు అంటారు. మనకెందుకు ఆ మాటలు?

ఖాదర్ వలి, ఆయన చిన్నప్పుడు ఒకే బెంచీ మీద చదువుకున్నారు. షాపులో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, అదే పనిగా తిప్పి తిప్పి చూసి, "శానా సన్న బెజ్జం సామీ, టైము పడతాది, కూసో" అనేవాడు ఖాదర్ వలి. ఇక వానలు, వేరుశెనక్కాయల ధర, ఊళ్లో ఎవరి పిల్లను ఎవరికిచ్చారు, పలమనేరు బస్సు ఎందుకు లేటు, ఇవన్నీ తేలేసరికి వీధి దీపాలు వెలిగేవి. ఎంత కాలహరణం! ఎంత దేశనష్టం!

ఈ బాధ చూడలేక ఆయన భార్య పద్మావతి, బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసే తన అన్న కొడుకు నవీన్‌తో ఫోన్లో మొర పెట్టుకుంది. "మీ మామ సైకిలుకు దినామూ పంచరేరా నాయనా, ఏదన్నా దోవ సూడు" అంది. నవీన్ మంచి పిల్లవాడు. సెలవుల్లో కొండలెక్కడానికి కొనుక్కున్న తన మౌంటెన్ బైకును మామకిచ్చేస్తానన్నాడు. కొత్తగా ట్యూబ్‌లెస్ టైర్లు కూడా కొనిస్తానన్నాడు.

టైరు ఎంచుకోవడం అంటే మీరేమనుకుంటున్నారు? మన కాలంలో షాపుకు పోయి "టైరు" అంటే టైరు ఇచ్చేవాడు. అజ్ఞానం! నవీన్ ఫోన్లో ప్రశ్నలడిగాడు. "మామా, నువ్వు రాళ్లలో తొక్కుతావా, ఇసుకలోనా, బురదలోనా? దిగేటప్పుడు స్పీడు ఎక్కువ కావాలా, పట్టు ఎక్కువ కావాలా?"

"నేనా? ఇంటి కాణ్ణించి బడికి పోతాను రా" అన్నాడు గోపాలస్వామి.

దానికి తగిన టైరు కంపెనీవాళ్లు ఇంకా కనిపెట్టలేదట. చివరికి ఆయన బురద టైరే కావాలన్నాడు. పెద్దమండ్యం దగ్గర ఆయనకు కాస్త పొలమున్న సొంతూరిలో వాన మొహం చూసి ఏళ్లవుతోంది. అయినా, టైరంటూ సిద్ధంగా ఉంటే వాన పడినరోజు తడుముకోనక్కర్లేదు కదా! ఒక టైరు మనిషిలో ఇంత ఆశ పుట్టించగలదని మీకు తెలుసా?

సైకిలు రైల్లో కుప్పం దాకా, అక్కడి నుంచి బస్సు టాపు మీద పుంగనూరు దాకా వచ్చింది. టైర్లు వేరే, రిమ్ములు వేరే. వాటితో పాటు పాలలాంటి తెల్లటి జిగురు మందు ఒక సీసాడు. ముల్లు గుచ్చుకుంటే ఆ మందే లోపల్నుంచి బెజ్జాన్ని పూడ్చేస్తుందట.

ఖాదర్ వలి అన్నీ తిరగేసి చూశాడు. "ట్యూబు యాడ సామీ?"

"ట్యూబు ఉండదంట."

"ఉండకపోతే గాలి యాడుంటాది?"

"టైర్లోనే ఉంటాదంట."

"అట్లని ఎవురు చెప్పినారు?"

ఇక మొదలైంది అసలైన వైభోగం! స్పోకుల బెజ్జాలు మూసుకునేలా రిమ్ములో టేపు వేశారు. వాల్వు బిగించారు. టైరు ఎక్కించారు. అంచుకు సబ్బునీళ్లు పూశారు. ఖాదర్ వలి పంపు కొడుతుంటే కొట్టిన గాలి కొట్టినట్టే చుట్టూ బయటికి వస్తోంది. టైరు అంచు రిమ్ములో కూర్చోదు. చేతిపంపుతో ఎంత కొట్టినా ఇంతేనని, ఒక్కసారిగా గాలి వదిలే కంప్రెషర్ కావాలని నవీన్ ఫోన్లో చెప్పాడు. ఆ ముక్క అర్థం కావడానికి ఇద్దరికీ వారం రోజుల సాయంత్రాలు పట్టాయి. పట్టనీయండి, తొందరేముంది?

ఆదివారం నాడు చక్రాలు చంకన పెట్టుకుని ఇద్దరూ మదనపల్లె బస్సెక్కారు. టమోటా లారీలకు గాలి పట్టే షాపులో వీళ్ల చక్రాన్ని చూసి అందరూ మూగారు. కంప్రెషర్ గొట్టం పెట్టగానే టైరు "ఢాం" అని తుపాకీ పేలినట్టు మోగి రిమ్ములో కూర్చుంది. టైర్లలో పోశాక మూత సరిగ్గా బిగించని సీసా ఆ ఉలికిపాటుకు కుదిలి, తెల్లమందు ఎగిరి ఖాదర్ వలి గడ్డం మీద పడింది. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. బిర్యానీ తిన్నారు. ఒక బస్సు కావాలనే వదిలేశారు. గోపాలస్వామికి పెళ్లిరోజు కూడా అంత సంతోషంగా గడవలేదు. ఈ మాట పద్మావతికి చెప్పకండి.

ఆ తర్వాత?

ఆ తర్వాత పంచరు పడలేదు! అదే కదా వరమంటే. గోపాలస్వామి పల్లేరుకాయల మీద తొక్కాడు. తుమ్మకంపలోకి పోయాడు. ముల్లు పీకితే బుస్సుమనేది, మరుక్షణమే తెల్లమందు కమ్ముకుని బెజ్జం పూడిపోయేది. గాలే తీసేద్దామా అనుకున్నాడు. కానీ నవీన్ ఇంటికి కొత్త పంపు కూడా పంపి, గాలి తగ్గిందేమో చూస్తుండమని అత్తకు అప్పజెప్పాడు. కంపెనీవాళ్లు అన్ని దారులూ మూసేశారు.

పాపం గోపాలస్వామి షాపు ముందు నుంచి బెల్లు కొట్టుకుంటూ పోయేవాడు. ఖాదర్ వలి తలెత్తి టైరు వంక చూసేవాడు. టైరు నిండుగా ఉండేది. ఇద్దరికీ దిగులేసేది, నిజంగానే.

ఆదా అయిన సమయమంతా ఆయన ఇంట్లో టీవీ ముందు గడిపాడు. "ఈ పిల్ల ఎవురు? ఆ ముసలామె యాల ఏడస్తాది?" అని సీరియల్ పొడుగునా అడిగాడు. పద్మావతి కొన్నాళ్లు ఓపిక పట్టింది. ఒక సాయంత్రం టీవీ కట్టేసింది.

"పోయి ఆ ఖాదరన్న షాపులో కూసోండి."

"సైకిలు బాగానే ఉండాది కదా."

"సైకిలు బాగుంటే మనిషి పోకూడదా? ఇన్నేండ్లూ నాకు తెల్దనుకుంటిరా? పంచరు పడినోడి మొగం అంత కళగా ఉంటాదా యాడన్నా!"

గోపాలస్వామి సిగ్గుపడుతూ బయల్దేరాడు. షాపు ముందు స్టాండు వేశాడు. ఖాదర్ వలి ఆశగా లేచొచ్చి టైరు నొక్కి చూశాడు.

"పంచరా?"

"లేదు."

"గాలి తగ్గిందా?"

"లేదప్పా, దిట్టంగా ఉండాది."

"మరి?"

గోపాలస్వామి గొంతు సవరించుకున్నాడు. "ఊరికే వచ్చినా."

ఖాదర్ వలి చేతిలో పానా కింద పెట్టేశాడు. మొహం పాలిపోయింది. "ఏమైంది సామీ? పద్మావతమ్మకు ఒంట్లో బాగుండాది కదా? ఏమన్నా కష్టమా?"

చూశారా! స్నేహితుడు పని లేకుండా వస్తే ఏదో కొంప మునిగిందనుకున్నాడు. "ఎవురికీ ఏమీ కాలేదు. నిన్ను సూసిపోదామని" అని గోపాలస్వామి ఒట్టు పెట్టాక గానీ నమ్మలేదు. నమ్మాక స్టూలు తువ్వాలుతో తుడిచి వేశాడు.

"ఈ మాట ముందే అనుంటే, మంచి ట్యూబులకు అన్ని ప్యాచీలు ఏసే పని తప్పేది కదా సామీ" అన్నాడు.

కాబట్టి ట్యూబ్‌లెస్ టైరు మహా వరమని మళ్లీ ఢంకా బజాయించి చెబుతున్నాను. సాకులన్నీ ఊడబెరికి, మనిషి చేత నిజం చెప్పించే వస్తువు ఇంకేముంది? రేపు సాయంత్రం నేనూ మా వీధి చివరి పాత మిత్రుడి ఇంటికి పోదామనుకుంటున్నాను. ఏం పని మీద వచ్చానని చెప్పాలా అని పొద్దుటి నుంచీ ఆలోచిస్తున్నాను.