నొప్పి రహిత సిరిసిల్ల

ఉగాది నాటికి సిరిసిల్లలో మోకాళ్ల నొప్పులను పూర్తిగా రద్దు చేస్తున్నట్టు జీవన్ అన్న పత్రికాముఖంగా ప్రకటించాడు. ఆ ప్రకటన రాసింది అన్న అనుచరుడు మహేందర్. అన్నకు పదవి లేకపోయినా ప్రకటనలు మాత్రం రోజుకు రెండు తగ్గవు కాబట్టి, మహేందర్‌కు చేతినిండా పనే.

మరమగ్గాల దగ్గర పొద్దంతా నిలబడేవాళ్లు, నూలు కండెలు చుట్టేవాళ్లు, బీడీలు చేసేవాళ్లు. నొప్పి లేని ఇల్లు ఊళ్లో లేదు, ఓటు లేని ఇల్లూ లేదు. ఇంటింటికీ నెలకు సరిపడా నొప్పి గోలీలు, అన్న ఫొటో ఉన్న కవర్లో. ఇంతటి ఆలోచన మరే నాయకుడికీ రాదని మహేందర్ మనస్ఫూర్తిగా నమ్మాడు.

కవరు డిజైను కూడా అతనిదే. బీపీ, షుగర్, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దని మందుల షాపు ప్రకాశ్ నాలుగు లైన్లు రాసిచ్చాడు. అవి పెడితే ఫొటోలో అన్న నమస్కారం చేతులు తెగిపోతున్నాయి. మహేందర్ గంటసేపు ఆలోచించి చేతులే ఉంచాడు. తనలో ఒక కళాకారుడున్నాడని ఆ రోజు తెగ పొంగిపోయాడు.

తొలి కవరు తల్లి మొగిలవ్వకే ఇచ్చాడు. అన్న మనిషి ఇల్లు కదా, ఒకటికి మూడు. ఆమెకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. కొడుకు తెచ్చాడన్న మురిపెంతో పూటపూటా వేసుకుంది. నొప్పి నిజంగానే తగ్గింది, ఆ వార్త కూడా పేపర్లో వచ్చింది. మూడో వారం కండెలు చుడుతూ చుడుతూ పక్కకు ఒరిగిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ లత రిపోర్టు చూసింది. బీపీ మందుకు ఈ గోలీలు తోడై కిడ్నీలు పొటాషియంను బయటికి పంపలేకపోయాయని, అది రక్తంలో పెరిగి గుండె లయ తప్పుతోందని, ఇంకా గండం గడవలేదని చెప్పింది. ఈ గోలీలు ఇచ్చిన తెలివితక్కువవాడు ఎవడని కూడా అడిగింది. మహేందర్ తల దించుకున్నాడు. జీవితంలో తొలిసారి క్రెడిట్ మొత్తం అతనికే దక్కింది.

సాయంత్రం అన్న పరామర్శకు వచ్చాడు, చేతిలో స్ట్రా గుచ్చిన కొబ్బరిబోండంతో. మహేందర్ అడ్డం నిలబడ్డాడు.

"అన్నా, గా నీళ్లు తాపొద్దు. అండ్ల గూడ పొటాషియం ఉంటదట. అవ్వ పానం పోతది."

"నాకెర్క లేదా తమ్మీ," అన్నాడు అన్న చల్లగా. "పోయినేడే మా డాక్టర్ నాకు నొప్పి గోలీలు, గీ బోండాలు రెండూ బంద్ పెట్టిండు. గప్పటిసంది ఒక్కటి ముట్టలే. అవ్వ తాగుడెందుకు, నోటికాడ పెట్టుకుంటె సాలు. నువ్వు ఫొటో దియ్."

మహేందర్‌కు తన మీద తనకే అసహ్యమేసింది. అయినా చేతులు అలవాటుగా ఫోన్ తీశాయి. మొగిలవ్వ మాత్రం, పెద్దమనిషి ఇంత దూరం వచ్చి ఇస్తే కాదనడం మర్యాద కాదనుకుని, రెండు గుటకలు తాగింది. ఫొటో చాలా సహజంగా వచ్చింది.