పన్నెండో స్లైడులో పిల్ల

పొద్దున్నే చాయ్ తాగి, పన్నెండు స్లైడులకు సంవత్సరాలు రాసి, నాలుగింటి బస్సులో హైదరాబాద్‌కు పార్శిల్ చెయ్యాలని జయానందం అనుకున్నాడు. నారోగేజి రైళ్ల ప్రదర్శన వారిది ఒక్కటే షరతు: సంవత్సరం లేని ఫోటో గోడ ఎక్కదు.

పన్నెండో స్లైడులో ఆవిరి ఇంజను మెట్టు మీద అతని తండ్రి, ఫైర్‌మన్ పేతురు కూర్చున్నాడు. ఒళ్లో పసిపిల్ల. ఆయనకున్న ఫోటో అదొక్కటే. ఆయన పోయేనాటికి జయానందం ఇంకా తల్లి కడుపులోనే ఉన్నాడు. ఆ తండ్రిని నలుగురూ చూడాలని అతని ఆశ.

రైళ్లంటే పిచ్చి ఉన్న దొర ఎవరో తీసి పంపిన స్లైడులవి. ఫిల్ము కడిగిన నెల, సంవత్సరం అట్ట చట్రాల మీద ముద్ర వేసి ఉండేవి. డబ్బా తెరిస్తే ఒట్టి ఫిల్ము ముక్కలు కనిపించాయి.

"అట్టలేవే ఎలిశిబా?"

"బూజు వట్టినయని పీకేసిన. బొమ్మలు పైలంగనే ఉన్నయ్ సూడు," అంది భార్య, మెచ్చుకుంటాడేమోనని చూస్తూ.

జయానందం కూలబడ్డాడు.

"పరేషాన్ గాకయ్యా. ఒళ్లున్నది వదినెనే గదా? ఆమె పుట్టిన ఏడు సూస్తె అయిపాయె."

ఫోన్ చేసిన గంటకు కుల్చారం నుంచి అక్క ఇందిరమ్మ దిగింది. అక్కడ ఆమె అంగన్‌వాడీ టీచర్. ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి మురిసిపోయింది.

"నేనే తమ్మీ! ముక్కు సూడు, ఎంత మంచిగున్నదో. కింద నా పేరు గూడ రాయి, పెద్దగ."

ఆమె తెచ్చిన ఏడో తరగతి సర్టిఫికెట్టులో పుట్టిన సంవత్సరం 1962. తండ్రి సమాధి రాయి మీద 1961.

"అక్కా, నువ్వు పుట్టేటాల్లకు నాయిన పోయి ఏడాదైంది."

"మరి నన్నెవలెత్తుకున్నరు?"

"గదే అడుగుతున్న. గీ లెక్కన నువ్వు నాకన్న చిన్నదానివి."

"బడిల ఏసిననాడు సారు తోచింది రాసిండు. నేను బక్కగుంటి."

"రాయి మీదనే తప్పు వడ్డదేమో. 63 అని చెక్కిపిద్దం," అంది ఎలిశిబా.

"నాయిన రెండేండ్లు ఎక్కువ బతికితె నేను గూడ రెండేండ్లు ఆగి పుట్టాలె. నా పింఛను కాగితాలు ఏం గావాలె?" అన్నాడు జయానందం.

మూడు దాటింది. ఇందిరమ్మ విసురుగా సర్టిఫికెట్టును బీరువాలో పడేసి తలుపు వేసింది. ఎప్పుడూ ఊగే బీరువా ఊగలేదు. ఎలిశిబా నాలుక కరుచుకుంది.

"అట్టలు పారెయ్యలే. బీరువా కాలు కింద వెట్టిన."

ముగ్గురూ బీరువా ఎత్తారు. నలిగిన అట్టలన్నిటి మీదా ఒకే ముద్ర స్పష్టంగా ఉంది: ఫిబ్రవరి 1960. జయానందం కళ్లు తడిశాయి. ఇందిరమ్మ మాత్రం వేళ్లు లెక్కపెట్టుకుని నీరుగారిపోయింది.

"అరవైల ఒళ్లున్న పిల్లనైతె, పోయినేడే అరవై అయిదు నిండినయ్. అరవై అయిదుకు నౌకరి దిగిపోవాలె. కాగితంల ఇంక రెండేండ్లున్నది. రాయకు తమ్మీ."

"రాయకుంటె నాయిన గోడెక్కడక్కా."

బస్సుకు పావుగంట ఉందనగా అతను కలం తీసి రాశాడు: '1960. ఫైర్‌మన్ పేతురు. ఒళ్లో ఎవరి పిల్లో.' చదివి ఇందిరమ్మ తలూపింది.

ప్రదర్శన మొదటిరోజు ఆ ఫోటో ముందు నుంచి ఆమె కదలనేలేదు. ఎవరో అమ్మాయి పక్కన నిలబడి, "ఈ పాప ఎవరండీ?" అని అడిగింది.

"ఏమో బిడ్డా," అంది ఇందిరమ్మ, "ముక్కు మాత్రం మంచిగున్నది."