నాలుగు వేల లైకులు, ఒక లిఫ్టు

అక్కకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: చెల్లెలి ఫోన్ అందకపోవడం.

ఆ రోజు పదింటికి యూనివర్సిటీ నుంచి చెల్లెలు వస్తే, చంటిదాన్ని ఆమెకు అప్పగించి, కుట్టు మిషన్ మీదున్న యూనిఫారాలు ముగిద్దామనుకుంది. పదిన్నరయింది. ఫోన్ చేస్తే స్విచాఫ్. వెంటనే యూనివర్సిటీ పేజీ తెరిచింది. అక్కడ చెల్లెలు అడ్మిషన్ నాటి ఫోటోలో నవ్వుతోంది. కింద, "లిఫ్టులో ఇరుక్కున్న మన విద్యార్థిని క్షేమం! మీ ప్రేమ చూపండి" అని ఉంది. నాలుగు వేల మంది చూపించారు.

"క్షేమమైతే ఫోనెందుకు తియ్యదే?" అని చంటిదాన్నే నిలదీసి, చంకనేసుకుని బయలుదేరింది.

అసలు జరిగిందిది. తొమ్మిదింటికి లైబ్రరీ లిఫ్టు రెండో అంతస్తుకు జానెడు కింద ఆగిపోయింది. లోపలి ఆపద గంట ఊడబీకి, ఆ చోట "ఆపదా? మా పేజీలో చెప్పండి" అని స్టిక్కర్ అంటించి నెలయింది. చెల్లెలు అలాగే పేజీలో చెప్పింది. ఆ పేజీ నడిపే ఆయన్ని పిల్లలు లైకుల సారు అంటారు. ఆయన సందేశాన్ని సగానికి కత్తిరించి, ఎవరూ కంగారుపడకూడదని ముందే 'క్షేమం' అని రాసేశాడు. చెల్లెలి పేరు తగిలించడంతో లైకు లైకుకీ ఆమె ఫోన్ గుర్రుమని, చివరికి బ్యాటరీ చచ్చిపోయింది. లిఫ్టు ముందు సెల్ఫీలకు జనం పోగయ్యారు. అది ధర్నా అనుకుని యూనివర్సిటీ వాళ్ళు గేటు మూసేశారు.

"లోపలికి లేదమ్మా, గొడవ జరుగుతోంది," అన్నాడు గార్డు.

"ఏం గొడవ?"

"ఎవరో అమ్మాయి క్షేమంగా ఉందంట."

"క్షేమంగా ఉంటే గొడవేంటయ్యా! లిఫ్టు తాళం ఎవరి దగ్గరుంది?"

గార్డు జేబు తట్టుకున్నాడు. "నా దగ్గరే. ఫిర్యాదు పేజీలో వస్తేనే తియ్యాలి. నాకు క్షేమమనే వచ్చింది."

"నీ పేజీ తగలెయ్య! నడువు ముందు!"

లిఫ్టు దగ్గర లైకుల సారు ఫోన్ పట్టుకుని ఎదురొచ్చాడు. "అక్కా, తలుపు తెరుచుకోగానే కాస్త ఏడవండి. వీడియో బాగుంటుంది."

"అడ్డు తప్పుకోకపోతే నువ్వేడుస్తావు."

తలుపు తెరుచుకుంది. చెల్లెలు నిక్షేపంలా ఉంది. ఆమె భుజం మీద వాలి, మొహం తెల్లగా పాలిపోయి, భవనం ఊడ్చే ఆయమ్మ ఉంది. పక్కన నీళ్ళ బకెట్టు.

"నాకేం కాలేదక్కా! 'ఆయమ్మకి ఊపిరాడట్లేదు, తొందరగా రండి' అనే కదా రాశాను!"

లైకుల సారు తల గోక్కున్నాడు. "ఆవిడ విద్యార్థిని కాదు కదమ్మా. పేజీలో ఖాతా కూడా లేదు. ఏమని పెట్టను?"

అక్క చంటిదాన్ని చెల్లెలికిచ్చింది. ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుని, వీడియో నడుస్తుండగానే బకెట్టులో ముంచింది. తర్వాత గార్డూ తనూ ఆయమ్మను లైబ్రరీ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా మోసుకెళ్ళి ఆసుపత్రిలో చేర్చారు. ఇంకో అరగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమన్నాడు డాక్టరు.

మీ భవనం ఊడ్చే ఆయమ్మ ఇవాళ కనబడిందా? లేకపోతే ఒకసారి వెళ్ళి చూడండి. పేజీలో కాదు, మెట్లెక్కి.