గేర్‌బాక్స్‌కు వచ్చిన చల్లని జ్వరం

అబద్ధం చెప్పే యంత్రాన్ని మించి మన మేలు కోరే చుట్టం ఈ లోకంలో లేదు. నవ్వకండి! ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను.

మా ఆయన లారీ డ్రైవరు. ఆయన లారీలో ట్రాన్స్‌మిషన్, అంటే గేర్లు మార్చే పెట్టె, ఎంత వేడెక్కిందో కనిపెట్టడానికి బొటనవేలంత సెన్సార్ ఒకటి ఉంటుంది. ఒక శుభోదయాన దానికి మతి తప్పింది. రాత్రంతా చలిలో వణుకుతూ నిలబడ్డ లారీకి మా ఆయన తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద ఎర్రలైటు! గేర్‌బాక్స్ నూట నలభై డిగ్రీలతో ఉడికిపోతోందట! ఇంజిన్ ఇంకా స్టార్టే కాలేదు. రాత్రి కలలో ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చిందేమో మరి!

లారీ ఓనరుగారి నియమం ఒకటుంది. వేడి లైటు వెలిగితే, మెకానిక్ సరేననేదాకా బండి అంగుళం కదలకూడదు. ఎంత చల్లని మనసో చూశారా? బండి ఆగింది కాబట్టి మా ఆయనా ఆగారు.

ఇక మా ఇంటి వైభోగం ఏమని చెప్పను! కారే కొళాయి కారడం మానింది. కిర్రుమనే తలుపు నోరు మూసుకుంది. మా ఆయన గదులన్నీ కొత్త అల్లుడిలా తిరిగి చూశారు.

"ఈ గోడకు ఆకుపచ్చ రంగు ఎప్పుడు వేయించావే?"

"నేనెక్కడ వేయించాను? మీరే వేశారుగా!"

అన్నం వేడిగా ఉండగానే తిన్నారు. నేను ఎదురుగా కూర్చుని, సినిమా చూసినట్టు చూశాను. టికెట్ లేదు, ఇంటర్వెల్ లేదు!

ఇంజిన్ చప్పుడు వింటే నేను చేతిలో పని వదిలేసి వాకిట్లోకి పరుగెత్తుతాను. "వెళ్ళొస్తా" అని ఆయన అంటారు. నేను "జాగ్రత్త" అనేలోగా లారీ మలుపు తిరుగుతుంది. బ్రేకులు, టైర్లు, మంచు, ఎదురొచ్చే వాడి నిద్ర... నేను తలచుకోని ఆపద లేదు. మా నాన్న కూడా మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానని చెప్పే లారీ ఎక్కాడు. ఆ మధ్యాహ్నం ఇంకా కాలేదు. అందుకే లారీ మాన్యువల్ మొత్తం చదివాను. నవల కన్నా బాగుంది, ప్రతి అధ్యాయంలోనూ ప్రమాదమే!

ఓనరుగారు మాత్రం తక్కువ తిన్నారా? పూటపూటా ఫోన్!

"గేర్‌బాక్స్ ఎలా ఉందమ్మా? దానికి నీడ ఉందా? పాపం, ఎండ తగలనివ్వకండి!"

బాలింత కోడలి గురించైనా ఇంత కంగారు పడేవాళ్ళుంటారా?

మర్నాడు మెకానిక్ వచ్చాడు. అందరూ అతణ్ణి 'నిదానం' అని పిలుస్తారు. మా ఆయనతో కలిసి లారీ కిందికి దూరి, గేర్‌బాక్స్‌కు అరచెయ్యి ఆనించాడు.

"చల్లగా ఉంది పెద్దమ్మా! జ్వరం దీనికి కాదు, థర్మామీటరుకే!"

సెన్సార్ ప్లగ్ పీకి, పైన డ్యాష్‌బోర్డు మీద అంకె నన్ను చూడమన్నాడు. నూట నలభై కాస్తా, సున్నా కంటే నలభై డిగ్రీలు కిందికి పడింది. "ప్లగ్ తీస్తే ఇలాగే పడాలి. వైర్లు బాగానే ఉన్నాయి. సెన్సారే పోయింది, మార్చేస్తే సరి."

"తొందరేముంది బాబూ? ఆ వైర్లు కూడా మొత్తం విప్పి చూడకూడదూ?" అన్నాను.

"ఏమే, నువ్వు ఎవరి పక్షం?" అని లారీ కింద నుంచి మా ఆయన గొంతు.

"లారీ పక్షం!"

కొత్త సెన్సార్ పార్శిల్‌లో వచ్చింది. విప్పితే వేరే మోడల్‌ది! పంపినవాడి కడుపు చల్లగా ఉండాలి! తప్పు సామాను పంపేవాళ్ళు లేకపోతే ఎన్ని కాపురాలు ఏమైపోయేవో!

కానీ మంచి రోజులు ఎన్నాళ్ళుంటాయి? అసలు సెన్సార్ వచ్చింది. నిదానం తన పేరు చెడగొట్టుకుంటూ చిటికెలో పాతది విప్పి కొత్తది బిగించాడు. కారిన ఆయిల్ నింపాడు. అటూ ఇటూ నడిపి చూశాడు. అంకె బుద్ధిమంతుడిలా మెల్లగా ఎక్కి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. "పొద్దున్నే లోడు!" అన్నారు ఓనరుగారు.

పొద్దున్న మా ఆయన చెప్పులు వేసుకోవడానికి వంగి, లేవలేక అక్కడే కూర్చుండిపోయారు. నుదుటి మీద చెయ్యి వేశాను. పెనం!

"ఏం లేదే, వెళ్ళొస్తా" అన్నారు, లేవకుండానే.

ఓనరుగారికి ఫోన్ చేశాను. "సార్, మా ఆయనకు జ్వరం. ఒళ్ళు కాలిపోతోంది."

"ఓస్, అంతేనా! గేర్‌బాక్స్‌కేమో అని హడలి చచ్చాను. ఓ మాత్ర మింగి బయలుదేరమనమ్మా. దారిలో చెమట పడితే అదే దిగిపోతుంది."

ఫోన్ పెట్టేశాను. కాసేపు ఆకుపచ్చ గోడను చూశాను. మళ్ళీ ఫోన్ చేశాను.

"సార్, లారీలో ఎర్రలైటు వెలిగింది."

"అయ్యో! మళ్ళీనా? కదపొద్దు! అంగుళం కదపొద్దు! వేడి బాగా ఎక్కువగా ఉందా తల్లీ?"

మా ఆయన నుదుటి మీద ఇంకోసారి చెయ్యి వేసి చూశాను.

"చాలా ఎక్కువ సార్. పూర్తిగా చల్లారేదాకా కదిలించకూడదు."

"సరే సరే, ఎన్నాళ్ళయినా పర్లేదు. నువ్వు దగ్గరుండి చూసుకో!"

చూసుకుంటున్నాను.