మూర తగ్గిన మిషను

చిన్నదిగా ఉండటం తప్పేమీ కాదు, తప్పయితే దేవుడు ఆవగింజను చేసేవాడే కాదు, అయితే ఆవగింజను చూడటానికి హైదరాబాదు నుంచి ఎవరూ రారు కనక దానికా నిబ్బరం ఉంటుంది, అనుకుంటూ జీవరత్నం సైకిలు తొక్కుతున్నాడు. బడిలో అతను ఎప్పుడూ బెంచీ చివరే కూర్చునేవాడు. బస్సులో సీటు దొరికితే అందులో సగమే వాడుకునేవాడు. ఇతరులకు చోటివ్వడం మర్యాదగా మొదలై, అలవాటుగా మారి, చివరికి అతని స్వభావమై కూర్చుంది. అలాంటి మనిషి చేసిన మిషను చోటు తక్కువ తీసుకుంటుందంటే అందులో తన తెలివి ఎంత, పిరికితనం ఎంత అన్నది అతనికే తేలలేదు.

అతను అమలాపురంలో కొబ్బరి రైతుల సంఘానికి ఇంజినీరు. సంఘం ఆఫీసుకూ, కాలవ అవతలి గోడౌనుకూ మధ్యనున్న టెలిఫోను తీగ ఏటా వానాకాలంలో పిడుగులకు కాలిపోయేది. అందుకని కిందటేడు హైదరాబాదు కంపెనీ ఒకటి ఆ రాగితీగ తీసేసి వెంట్రుకలాంటి గాజుతీగ వేసింది. అందులో మాట వెలుగై ప్రయాణిస్తుంది. మాటను వెలుగుగానూ, వెలుగును మళ్ళీ మాటగానూ మార్చే మిషను మాత్రం బట్టల బీరువా కంటే పెద్దది. దానికోసం సెక్రటరీ మాణిక్యాలరావు గారు తన గది ఖాళీ చేసి వరండాలో కుర్చీ వేసుకున్నారు. జీవరత్నం ఏడాదిపాటు కూర్చుని, ఆ బీరువా చేసే పనంతా సబ్బుపెట్టె కన్నా కాస్త పెద్దదైన డబ్బాలోకి దించాడు. ఇప్పుడు ఆఫీసులో ఒక డబ్బా, గోడౌనులో ఒక డబ్బా ఉన్నాయి. పాత మిషను షెడ్డులోకి వెళ్ళింది, సెక్రటరీ గారికి గది తిరిగి దక్కింది.

కంపెనీ చీఫ్ ఇంజినీరు రాఘవులు గారు ఈ రోజే దాన్ని చూడటానికి వస్తున్నారు. నచ్చితే అమలాపురంలోనే చిన్న వర్క్‌షాపు పెట్టి జీవరత్నం చేతికిస్తారు. నచ్చకపోతే పాత బీరువా మిషను మళ్ళీ గదిలోకీ, జీవరత్నం కాటాలు బాగుచేయడానికి రాయవరం గోడౌనుకూ వెళతారు. అతని పథకం తేలికైనది. ఉత్త బల్ల, దానిమీద టెలిఫోను, పక్కన డబ్బా. ఆయన రిసీవరు ఎత్తుతారు, గోడౌను మనిషి కొండబాబు అవతల పలుకుతాడు. అంతే.

మాణిక్యాలరావు గారు వస్తూనే బల్ల ముందు నిలబడిపోయారు.

"ఏవండీ ఇంజినీరు గారూ, అంత పెద్దాయన అంత దూరం నుంచి వస్తుంటే, ఉత్త బల్ల మీద సబ్బుపెట్టె చూపిస్తామా అండీ?"

చిన్నగా ఉండటమే దాని గొప్పతనమని జీవరత్నం నసిగాడు.

"అది చిన్నదే కావచ్చండి. మనం చిన్నగా చూపించకూడదు కదండీ. చుట్టం పొట్టివాడైతే పీట మీద కూర్చోబెడతాం గానీ, నేలమీద వదిలేస్తామా చెప్పండి?"

జీవరత్నం లోపల ఒక 'వద్దు' లేచింది. అది గుండె దాటింది, గొంతు దాకా వచ్చింది, అక్కడ ఎదుటి మనిషి ముఖం చూసి దారి మార్చుకుని, ఒప్పుకోలుగా "ఆయ్" అంటూ బయటపడింది.

టైపిస్టు పుష్పలత కుట్టుపని చేసిన బల్లగుడ్డ పరిచింది. గుడ్డ మీది పువ్వుల మధ్య డబ్బా ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. దాంతో సెక్రటరీ గారు సంఘం గెలుచుకున్న షీల్డులన్నీ తీయించి, అవి ఉండే అద్దాల బీరువాను డబ్బాకు కేటాయించారు. తలుపులు మూస్తే డబ్బా వేడెక్కింది. వడ్రంగి తాతారావును పిలిపించి బీరువా వెనకచెక్క కోయించి, అక్కడొక టేబుల్ ఫ్యాను బిగించారు. ఫ్యాను ఒక్కోసారి వేగంగా, ఒక్కోసారి నిద్రమత్తుగా తిరుగుతుంటే, అది కరెంటు లోపమని పుష్పలత తేల్చి, రిక్షా మీద వాళ్ళింటి స్టెబిలైజరు పట్టుకొచ్చింది.

"మీకు ఫ్రిజ్జుకి కావాలి కదమ్మా," అన్నాడు జీవరత్నం ఆఖరి ఆశతో.

"ఈ పూటకి ఫ్రిజ్జు ఆపేసేమండి. మా అమ్మగారే పంపించేరండి. 'పాపం ఆ అబ్బాయి ఉద్యోగం సంగతి, పట్టుకెళ్ళు' అన్నారండి."

పాలు విరిగిపోతాయని తెలిసీ పంపిన తల్లి దయను కాదనడం ఎలాగో అతనికి తెలియలేదు. ఈ ఆఫీసులో తనకు ఒక్క శత్రువు ఉన్నా బాగుండేది, శత్రువుకు వద్దని చెప్పడం సులువు, అనుకున్నాడు.

స్టెబిలైజరు బరువుకు అడుగు అర కుంగింది. తాతారావు కింద దుంగలు పెట్టాడు. దుంగలు కనబడకుండా చుట్టూ చెక్కలు కొట్టాడు. ఆ చెక్కలు కనబడకుండా పుష్పలత తెర కట్టింది. అంత ఎత్తయిన బీరువా హాల్లో గుమ్మానికి అడ్డం వచ్చేసరికి, నలుగురూ పట్టి దాన్ని సెక్రటరీ గారి గదిలోకి నెట్టారు. అందులో ఆయన కుర్చీకి చోటు చాలలేదు. ఎవరికీ శ్రమ ఇవ్వకుండా తన కుర్చీ తానే ఎత్తి వరండాలో వేసుకుని, నుదురు తుడుచుకుంటూ, "ఇప్పుడు నిండుగా ఉందండి," అన్నారు మాణిక్యాలరావు గారు.

అప్పటికే కారు వచ్చింది.

రాఘవులు గారు దృఢంగా నడిచే మనిషి. కొబ్బరినీళ్ళు తాగి, గదిలోకి వచ్చి, బీరువా చుట్టూ ఒకసారి తిరిగారు. పైనుంచి కిందికి చేత్తో కొలిచారు. తెర పక్కకు తీసి, లోపల మెరుస్తున్న స్టెబిలైజరు ముల్లును గౌరవంగా చూశారు. దాని పైన అరలో, ఫ్యాను గాలికి కదలకుండా పుష్పలత పూలదండ చుట్టిన డబ్బాను ఆయన దేవుడి పటం అనుకున్నారో ఏమో, అటు చూసి కళ్ళు తిప్పుకున్నారు.

పక్కనున్న టెలిఫోను రిసీవరు ఎత్తారు. అవతల కొండబాబు, వరదలో పడవ నడుపుతూ మాట్లాడుతున్నట్టు, ఏదో అన్నాడు.

"కొంచెం హోరుంది, ఫరవాలేదండి. పెద్ద మిషన్లకి ఉంటుంది," అన్నారు రాఘవులు గారు. తరువాత జీవరత్నం భుజం మీద చెయ్యి వేశారు. "పాతదాని కన్నా ఒక మూర తగ్గించేరు. మంచి పురోగతండి. ఇంతకన్నా తగ్గిస్తే కొనేవాళ్ళు నమ్మరు. ఇదే నమూనా ఖాయం చేసేద్దాం. వర్క్‌షాపు మీదే. వడ్రంగి పని మాత్రం ఎవరిదోగానీ చాలా బాగుందండి."

తాతారావు చేతులు కట్టుకుని సిగ్గుపడ్డాడు. పుష్పలత కళ్ళు తుడుచుకుంది. వరండాలోంచి సెక్రటరీ గారు, తన గది శాశ్వతంగా పోయిందని ఇంకా గ్రహించకుండానే, చప్పట్లు కొట్టారు.

జీవరత్నానికి కావలసిందంతా వచ్చేసింది. ఊరు వదలనక్కర్లేదు, రాయవరం కాటాలు లేవు. ఒక్క 'ఆయ్' అంటే చాలు. అది నాలుక చివర సిద్ధంగా ఉంది, ఎప్పుడూ ఉండేదే. కానీ రేపటి నుంచి తను చేయబోయేది అతనికి కనబడింది. బీరువాలు, వాటికి ఫ్యాన్లు, ఫ్యాన్లకు స్టెబిలైజర్లు, వాటి మధ్య ఎక్కడో ఎవరూ చూడని ఒక డబ్బా. బెంచీ చివర కూర్చున్నవాడిని ఎవరూ నెట్టలేదు. అతనే జరుగుతూ వచ్చాడు. ఇంకా జరగడానికి ఇప్పుడు బెంచీ లేదు.

అతని చెయ్యి అతన్ని అడగకుండానే బీరువా అద్దం తలుపు తెరిచింది. పూలదండ విప్పి, వెనక చుట్టగా ఉన్న గాజుతీగను జాగ్రత్తగా వదులు చేస్తూ, డబ్బాను బయటికి తీసి రాఘవులు గారి అరచేతిలో పెట్టాడు.

"ఇదండీ మిషను," అన్నాడు. "మిగతాదంతా మర్యాదండి."

డబ్బా ఫ్యానుకూ స్టెబిలైజరుకూ దూరమైందో లేదో, ఎత్తి పెట్టిన రిసీవరులోంచి కొండబాబు గొంతు పక్కనే నిలబడినంత స్పష్టంగా వినిపించింది. "ఇప్పుడు బాగుందండి. ఆ రైసుమిల్లు ఆపేసేరా అండీ?"

రాఘవులు గారు డబ్బాను ఒకసారి బరువు చూశారు. తిప్పి చూశారు. తరువాత తన చేతిసంచీ తెరిచి, భోజనం క్యారియరు పక్కనున్న ఖాళీని కొలుస్తున్నట్టు లోపలికి చూస్తూ, "గోడౌనులో ఉన్న రెండోది కూడా పట్టుకెళ్ళొచ్చా అండీ? హైదరాబాదులో నేను చెబితే నమ్మరు," అని అడిగారు.

ఖాళీ బీరువాలో ఫ్యాను సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంది. పుష్పలత వాళ్ళ అమ్మగారు ఏమనుకుంటారోనని ఎవరూ దాన్ని ఆపలేదు.